మీరన్నట్టు సార్

హైమావతి సంచి సర్దుతోంది. సర్దుతోంది అనడం కంటే బట్టల్ని దండిస్తోంది అనడం నయం. ప్రయాణం ఎస్తేరు రాణిది, కోపం హైమది. తువ్వాలు, రెండు చుడీదార్లు, దువ్వెన, జ్వరం బిళ్ళలు, పచ్చడి సీసా, ఒక్కొక్కదాన్నీ సంచి అడుగుకి గుద్ది మరీ దింపుతోంది.

"మెల్లగానే! బట్టలేం పాపం జేసినయ్?" అంది ఎస్తేరు, మంచం మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ.

"మాట్టాడకు. నిన్ను చూస్తంటేనే ఒళ్ళు మండిపోతంది."

"నేనేం జేశా?"

"ఏం జెయ్యలేదు. అదేగా నా ఏడుపు. ఏం జెయ్యని దాన్ని పట్టుకుని తుడవబోతన్నారు."

పచ్చడి సీసా మూత బిగించి ఉందో లేదో హైమ మళ్ళీ తీసి చూసింది. బిగించే ఉంది. అయినా ఇంకోసారి తిప్పి, ప్లాస్టిక్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసింది. వెళ్ళేవాళ్ళని ఆపలేనప్పుడు మనుషులు మూతలు బిగిస్తారు.

సాయంత్రం బండికి ఎస్తేరు హైదరాబాదు వెళ్ళాలి. అక్కడి కేంద్రంలో మర్నాడు ఆమె తలలోంచి ఒక ఆలోచన తీసేస్తారు. కాగితాల మీద ఆ పనికి విముక్తి అని పేరు. హాస్టల్లో అందరూ తుడుపు అంటారు. పరాయి వాళ్ళ ఊహని తనదని సిద్ధాంత గ్రంథంలో రాసుకున్న విద్యార్థికి రెండే దారులు. పట్టా వదులుకుని, ఇక ఏ బడిలోనూ పాఠం చెప్పనని సంతకం పెట్టాలి. లేదంటే ఆ ఊహని తల్లోంచి తీయించుకుని, వేరే విషయం మీద మొదటినుంచీ రాసుకోవాలి. పర్చూరు అవతల పల్లెలో ఎస్తేరు వాళ్ళ నాన్న మోజెస్ మాస్టారు తను పాఠం చెప్పిన బడిలోనే కూతురు నిలబడి పాఠం చెప్పాలని కాచుకుని ఉన్నాడు. అందుకని ఎస్తేరు రెండో దారి పట్టింది.

"ఒక్క ఊహే గదే పొయ్యేది. ఇంకోటి పుట్టదా ఏంది?" అంది.

"నీదైన దాన్ని నీ తల్లోంచి పీకి, దొంగిలించావని పేరు పెడతంటే, ఇంకోటి పుడతదా అంటావేందే? సిగ్గులేని మొహమా!"

తిట్లు వారి మధ్య కొత్త కాదు. ఒకే గదిలో మూడేళ్ళుగా ఉంటున్నారు. ఒకరి జడ ఒకరు అల్లుతారు, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు ఊ కొడతారు. ఎవరి ఆలోచన ఎక్కడ మొదలై ఎవరి నోట్లో పూర్తయిందో వాళ్ళకే తెలియదు. ఒక్కటి మాత్రం హైమకి బాగా తెలుసు. ఆ ఊహ పుట్టినప్పుడు తను అక్కడే ఉంది.

అది మామిడికాయల రోజు. కిటికీలో కూర్చుని కాయ కోసుకుంటున్నారు. హైమ చెయ్యి కడుక్కుని, ఆ తడిచేత్తోనే ఉప్పు డబ్బాలో వేళ్ళు పెట్టింది. "తడిచెయ్యి పెట్టబాకే, ఉప్పంతా నీరు గారిపోద్ది!" అని ఎస్తేరు గట్టిగా అరిచి, అరిచిన నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

"ఏమైందే?"

"ఇది అన్నది నేను కాదే. మా అమ్మ."

ఎస్తేరు తల్లి ఎప్పుడో, ఈ పిల్ల చిన్నతనంలోనే పోయింది. ముఖం కూడా ఫోటో చూస్తేనే గుర్తు. అయినా తడిచేత్తో ఉప్పు ముట్టకూడదన్న చిన్న ముక్క ఆమె గొంతుతో, ఆమె కసురుతో అలాగే ఉండిపోయింది.

"హైమా, విను. మనకి తెలిసిన ఏ ముక్కయినా ముందు ఎవరో ఒకరి గొంతులో వింటాం గదా. ముక్క నేర్చుకుంటాం, గొంతు మర్చిపోయామనుకుంటాం. మర్చిపోంగా! అదీ ఇదీ కలిసే ఉంటయ్. మెదడులో ముక్కని కదిపితే గొంతు కూడా కదలాలి. కదిలిందాన్ని పట్టుకోగలిగితే?"

మామిడికాయ ముక్కలకి చీమలు పట్టాయి. ఇద్దరూ తినడం మర్చిపోయి మాట్లాడుకుంటూనే ఉన్నారు.

మూలదర్శిని అనే యంత్రం ఆ మాటలోంచి పుట్టింది. పోయినవాళ్ళ గొంతుని బతికున్నవాళ్ళ తలలోంచి మళ్ళీ వినిపించాలన్నది ఎస్తేరు కోరిక. దాన్ని దొంగల్ని పట్టే కుర్చీగా మార్చినవాళ్ళు వేరే. తలకి టోపీ పెట్టి, తను రాసిన వాక్యాన్ని పైకి చదవమంటారు. ఆ వాక్యంతోపాటు తలలో ఏ గొంతు కదిలిందో యంత్రం చూస్తుంది. విశ్వవిద్యాలయంలో చదివేవాళ్ళవీ, చదువు చెప్పేవాళ్ళవీ గొంతులన్నీ ముందే నమోదు చేసి ఉంటాయి కాబట్టి, కలిపి చూసి తెర మీద పేరు వేస్తుంది. తనది కాక ఇంకే గొంతూ కదలకపోతే తెర తెల్లగా ఉంటుంది. తెల్లతెర వచ్చినవాడు నిజాయితీపరుడు. విద్యార్థులు దాన్ని దొంగలకుర్చీ అంటారు. హైమ ఆ కుర్చీని నడిపే పనిలో ఉంది.

పోయిన నెల ఎస్తేరు అదే కుర్చీలో కూర్చుంది. ముక్కని కదిపితే గొంతు కూడా కదులుతుందన్న, తన గ్రంథంలోని ముఖ్యమైన వాక్యం చదివింది. తెర మీద పడ్డ పేరు ఆచార్య చక్రధరరావు. వాళ్ళిద్దరికీ మార్గదర్శకుడు.

మధ్యాహ్నం అన్నాల వేళకి హైమ సంచి జిప్పు లాగేసి, చెప్పులేసుకుంది.

"ఎక్కడికే?"

"మీ గురువుగారి దర్శనానికి."

"వద్దే. ఆయనతో పెట్టుకోబాక. ముందు అన్నం తిను."

"నువ్వు తిను. రైల్లో వాంతి చేసుకోకుండా కాస్తే తిను."

హాస్టల్ నుంచి ప్రయోగశాలకి సరుగుడు తోపులోంచి దారి. సముద్రపు గాలికి ఇసుక కాళ్ళకి కొడుతోంది. హైమ తనలో తనే తగువులాడుకుంటూ నడిచింది. నాకు అక్షరాలు దిద్దించిందెవరు? కూడిక నేర్పిందెవరు? నడక, నవ్వు, ఈ తిట్టే తిట్లు ఎవరివి? ఒక్కొక్కరిదీ వాళ్ళకి తిరిగి ఇచ్చేస్తే నా దగ్గర నేనంటూ మిగిలేది ఎంత? ఒకరి దగ్గర తీసుకోకుండా మనిషి మనిషవుతాడా? తీసుకోవడం తప్పు కాదు. తీసుకుని, ఇచ్చిన మనిషిని గడప బయట నిలబెట్టి తలుపేసుకోవడం తప్పు. ఆ తప్పు చేసినవాణ్ణి వదిలేసి, తలుపు బయట ఉన్న పిల్లని దొంగంటారా?

చక్రధరరావు దుర్మార్గుడైతే ఈ కథ చెప్పడం తేలికగా ఉండేది. ఆయన మెత్తగా మాట్లాడే మనిషి. విద్యార్థులకి జబ్బు చేస్తే ఆసుపత్రికి తనే తీసుకెళతాడు. హైమ రాగానే కుర్చీ చూపించి, టీ పోయించమంటావా అని అడిగాడు.

"టీ వద్దు సార్. నన్ను మూలదర్శిని కుర్చీలో కూర్చోపెట్టండి. ఎస్తేరు రాసిన వాక్యం నేను చదువుతాను. ఎవరి గొంతు వస్తుందో మీరే చూడండి."

"ఎందుకమ్మా ఇదంతా? తీర్పు అయిపోయింది కదా."

"నేను సాక్షిని సార్. నన్నెవరూ అడగలేదు."

ఆయన నిట్టూర్చి టోపీ తీశాడు. హైమ ఎందరికో పెట్టిన టోపీ అది. తన తలకి పెట్టుకుంటే ఇంత చల్లగా ఉంటుందని తెలియదు. వాక్యం చదివింది. చదువుతుంటే మామిడికాయ పులుపు నాలుక మీదకొచ్చింది. తెర మీద నీలంగా ఒక గీత లేచి, పక్కనే పేరు పడింది. ఎస్తేరు రాణి.

"చూశారా! నాకు చెప్పింది ఎస్తేరు. మీరు కాదు."

"నిజమే. నీకు ఆ అమ్మాయి చెప్పింది. ఆ అమ్మాయికి నేను చెప్పాను." ఆయన గొంతులో వెటకారం లేదు. "ఆమె తెర మీద నా పేరే వచ్చింది కదమ్మా."

"ఎప్పుడు చెప్పారు సార్? తేదీ చూపించమనండి మీ యంత్రాన్ని."

"ఇది గొంతుని చూస్తుంది. కాలాన్ని చూడదు. నడిపేదానివి, నీకు తెలియదా?"

"అయితే మీరు కూర్చోండి."

గురువుని అలా ఆజ్ఞాపించిన విద్యార్థి ఆ గదిలో అంతకుముందు లేరు. ఆయన ముఖం ఎర్రబడింది. అయినా లేచి కుర్చీలో కూర్చున్నాడు. హైమ ఆయన నెరిసిన తలకి టోపీ బిగించింది. ఎస్తేరు గొంతు కదలాలి. కదిలితీరుతుంది. ఆయన వాక్యం చదివాడు, ఎన్నో సభల్లో చదివి అలవాటైన నోటితో, తడుముకోకుండా.

తెర తెల్లగా ఉంది.

హైమ తీగలు ఊడాయేమోనని చూసింది. ఊడలేదు. మళ్ళీ చదవమంది. మళ్ళీ తెల్లగానే వచ్చింది. ఆయన నోటితో ఆయనే అన్నన్నిసార్లు చెప్పుకున్నాక, ఇంకొకరి గొంతుకి అక్కడ చోటెక్కడిది? ఆయన అబద్ధం ఆడటం లేదు. ఆ ఊహ తనదేనని మనసారా నమ్ముతున్నాడు. అబద్ధమాడేవాణ్ణి నిలదీయొచ్చు, నమ్మేవాణ్ణి ఏం చేస్తాం? హైమకి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఓడినట్టుంటుందని పెదవి కొరుక్కుంది.

"నేను దొంగనని అనుకున్నావు కదూ?" అన్నాడాయన, టోపీ తీస్తూ. "నాకు బాధగా ఉందమ్మా. ఎస్తేరే నా గదిలో నిలబడి ఎన్నిసార్లు అందో తెలుసా, 'మీరన్నట్టు సార్' అని! తనే అన్నది. నేను అడగలేదు."

హైమకి ఒక్కసారిగా అర్థమైంది.

ఆ ప్రయోగశాలలో కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ సీనియర్లు మొదటిరోజే చెప్పే మాట అది. నాకిలా తోచింది అని సార్ ముందు అనకూడదు. అంటే ఆయన వినడు, పిల్లకాకికి పొగరనుకుంటాడు. నీకు తోచింది కూడా 'పోయిన వారం మీరన్నట్టు సార్' అని మొదలుపెట్టి చెప్పాలి. అప్పుడు ఆయన కళ్ళు మూసుకుని, తలూపి, అవునవును అంటాడు. పని జరుగుతుంది. అది మర్యాద. అందరూ చేసేదే. హైమ కూడా చేసింది. తన ఊహని ఆయన చేతిలో పెట్టి, ఆయన దగ్గర్నుంచి ప్రసాదంలా మళ్ళీ తీసుకునేది.

ఎస్తేరు మిగతావాళ్ళకంటే మర్యాదస్తురాలు. మాస్టారి కూతురు. తన ఊహ చెప్పిన ప్రతిసారీ ఆయన పేరు ముందు పెట్టింది. ఆయన దాన్నే తిరిగి, గంభీరమైన గొంతుతో, అందరి ముందూ చెబుతుంటే తలొంచుకుని విన్నది. విని విని ఆమె మెదడు కూడా లొంగింది. పై పొరలో ఆయన గొంతే నిలిచింది. మర్యాద సాక్ష్యమైపోయింది.

"ఆమెది మళ్ళీ తెర మీద పెట్టండి సార్," అంది హైమ.

"దేనికి?"

"పెట్టండి!"

ఆయన పెట్టకపోతే తనే పెట్టింది. ఎస్తేరు పరీక్ష నాటి బొమ్మ వెలిగింది. లావుగా, కాషాయ రంగులో చక్రధరరావు గొంతు. విచారణ సంఘం చూసింది అంతవరకే. నియమం ప్రకారం పై పొరే లెక్క. హైమ ఆ పొరని పక్కకి జరిపింది. దాని కింద ఇంకొక గీత ఉంది. వెంట్రుకంత సన్నగా, తెగకుండా, అడుగుదాకా. పక్కన పేరు లేదు. గొంతు నమోదు కాలేదు అని మాత్రం ఉంది.

నమోదు ఎలా అవుతుంది? ఆ మనిషి చచ్చిపోయి ఎన్నేళ్ళయింది?

"ఇది వాళ్ళమ్మ సార్. ఊహ పుట్టింది ఇక్కడ. మీరు దీని మీద పడుకున్నారు."

ఆయన చాలాసేపు తెరకేసి చూశాడు. "నమోదు కాని గొంతు సంఘం ముందు చెల్లదమ్మా," అన్నాడు చివరికి. ఆ అనడంలో మొదటిసారి తడబాటు ఉంది.

"సంఘం సంగతి నేనడగలేదు. రేపు తుడిచేటప్పుడు పై పొర ఒక్కటే తీస్తారా, మొదలంటా తీస్తారా?"

"ఊహని తీయాలంటే... దాని వేరుతో సహా."

"వేరంటే?"

"దాంతో ముడిపడ్డ గొంతులన్నీ కొంతవరకు పోవచ్చు."

"అంటే వాళ్ళమ్మ. ఆ ఊహ గురించి దాంతో మాట్లాడుకుంటూ మూడేళ్ళున్న నేను. అంతేగా?"

ఆయన టేబుల్ మీద కాగితాలు సరిచేశాడు. సరిచేసినవే మళ్ళీ సరిచేశాడు. తర్వాత అన్నాడు, "అసలు నువ్వెందుకు కూర్చున్నావమ్మా కుర్చీలో? కూర్చున్నవాళ్ళ ఫలితం దానంతటదే కేంద్రానికి వెళ్ళిపోతుంది. నీ తలలో కూడా ఆ ఊహ ఉన్నట్టు, అది ఎస్తేరు నుంచి వచ్చినట్టు వెళ్ళిపోయింది. ఎస్తేరు విముక్తికి ఒప్పుకుంటే గొలుసు అక్కడితో ఆగుతుంది. ఒప్పుకోకపోతే నిన్నూ పిలుస్తారు."

"పిలిస్తే నాలోంచి ఏం తీస్తారు?"

"ఎస్తేరుని," అన్నాడు చక్రధరరావు.

హైమ టోపీని నేలకేసి కొట్టింది. అది విరగలేదు. మంచి సరుకుతో చేశారు.

చీరాల స్టేషన్లో బండి అరగంట ఆలస్యం. ఎస్తేరు సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. హైమ నిలబడే చెప్పింది. అన్నీ చెప్పింది. తెల్లతెర, సన్నగీత, గొలుసు. చెబుతూ మధ్యమధ్యలో ఎస్తేరునే తిట్టింది.

"మీరన్నట్టు, మీరన్నట్టు! ఏమన్నాడే ఆయన? ఒక్క ముక్కన్నా అన్నాడా?"

"అందరం అన్నాంగదే."

"అందరం గొర్రెలమే. లే, లెగు. సంచి ఇటివ్వు. బండెక్కబాక."

ఎస్తేరు లేవలేదు. పట్టాల మీద కాకి ఏదో పొడుస్తుంటే దాన్ని చూస్తూ, "ఆ గీత ఎట్టుందే?" అని అడిగింది.

"ఏ గీత?"

"మా అమ్మది."

"సన్నంగా ఉంది. అడుగుదాకా ఉంది."

"తెగిందా?"

"తెగలేదు."

ఎస్తేరు పైట చెంగు లాంటి చున్నీ కొసతో ముక్కు తుడుచుకుని నవ్వింది. "చూశావా మరి! నేను చెప్పింది నిజమేగా. మర్చిపోం."

"నవ్వబాక. చంపుతా."

"నేను ఎక్కకపోతే నిన్ను తీసుకపోతారు. నీ తల్లోంచి నన్ను తీస్తారు. అప్పుడు ఇది నా ఊహేనని ఎరిగిన మనిషి ఎవరున్నారే? ఆయనొక్కడే. ఆయన తెర తెల్లదాయె." చున్నీ ముడి విప్పి మళ్ళీ వేసుకుంది. "నీ తల్లో ఉంటే ఉన్నట్టే. నేను మర్చిపోయొచ్చినా నువ్వు చెప్తావుగా. మా అమ్మ సంగతి కూడా చెప్తావు. అన్నీ నీ దగ్గర ఉన్నయ్."

"నేను చెప్తే అది నా గొంతే అవుద్దే పిచ్చిదానా! మీ అమ్మది అవదు."

"అవకపోతే పోనీ. నీ గొంతు మాత్రం చెడ్డదా?"

హైమ సంచి పట్టుకుని లాగింది. ఎస్తేరు వదల్లేదు. ప్లాట్‌ఫారం మీద జనం చూస్తుండగా ఇద్దరు ఆడపిల్లలు ఒక సంచి కోసం పెనుగులాడారు. పల్లీలమ్మే ఆవిడ, "ఏందమ్మా, సంచిలో బంగారముందా?" అంది. బండి కూత పెట్టింది. హైమ చేతులు ముందుగా వదిలాయి. ఎందుకు వదిలాయో ఆమెకి ఆ తర్వాత ఎన్నటికీ తెలియలేదు.

"దిగంగానే ఫోన్ చెయ్. నీళ్ళు కొనుక్కుని తాగు. కిటికీలో చెయ్యి పెట్టబాక," అని బండి వెంట నడుస్తూ అరిచింది. ఇంకేమీ నోటికి రాలేదు. లోకంలో రైలు వెంట నడిచేవాళ్ళందరికీ ఆ మాటలే వస్తాయి.

దిగినట్టు ఫోన్ వచ్చింది. ఆ తర్వాత రాలేదు.

కేంద్రం వాళ్ళని అడిగితే విజయవంతంగా ముగిసింది అన్నారు. హైమ కుర్చీ నడిపే పని మానేసింది. మానేస్తున్నట్టు చెప్పడానికి కూడా ఆ గదికి వెళ్ళలేదు. ఒకరోజు మోజెస్ మాస్టారికి ఫోన్ చేసింది.

"ఇక్కడికే వచ్చిందమ్మా," అన్నాడాయన. "వాళ్ళే తెచ్చి దింపిపోయారు. నన్ను గుర్తుపట్టింది. బాగానే తింటంది. నిన్న గోడ మీద వాళ్ళమ్మ ఫోటో చూసి అడిగింది. నాన్నా, ఈమె మాట్టాడేదా? అని అడిగింది."

హైమ ఫోన్ చెవికి నొక్కిపట్టుకుంది.

"ఒకసారి దానికివ్వండి మాస్టారూ."

చప్పుళ్ళు. కోడి ఏదో అరిచింది. తర్వాత ఆ గొంతు, అదే గొంతు, ఏమీ మారని గొంతు.

"నమస్కారమండీ. మీరు హాస్టల్లో నాతోపాటు ఉండేవారంట గదా. నాన్న చెప్పారు."

మూడేళ్ళలో ఒక్కసారి కూడా వాళ్ళ మధ్య అండీ అన్న మాట లేదు. హైమకి తిట్లన్నీ ఒక్కసారే నోటిదాకా వచ్చాయి. ఒసే అనబోయింది. అనలేకపోయింది. ముక్కూముఖం తెలియని మనిషిని ఒసే అంటారా ఎవరైనా?

"ఉండేదాన్నండీ," అంది. "మీకొక సంగతి చెప్పాలి. వింటారా?"

"చెప్పండి."

హైమ చెప్పింది. స్టేషన్లో ఎస్తేరు కోరినట్టే అంతా చెప్పింది, తల్లి సంగతితో సహా. చెబుతుంటే తన గొంతే తనకి పరాయిగా వినిపించింది. అటువైపు ఎస్తేరు శ్రద్ధగా, మర్యాదగా, మాస్టారి కూతురిలాగే విన్నది.

"చాలా బాగుందండీ ఈ ఆలోచన," అంది చివరికి. "ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే," అంది హైమ. "నువ్వేనే."

అటువైపు కోడి మళ్ళీ అరిచింది. తర్వాత, "నాకు తెలియదండీ," అని చిన్నగా అంది ఎస్తేరు, ఏదో తప్పు చేసినదానిలా. ఫోన్ పెట్టేసింది.

ఏడాది తిరగకుండా చక్రధరరావుకి పెద్ద సన్మానం జరిగింది. ఆ సభకి హైమ వెళ్ళలేదు. హాస్టల్ గదిలో రెండో మంచం ఖాళీగా ఉంది. వార్డెన్ వేరే అమ్మాయిని వేస్తానంటే, మనిషి ఉంది, వస్తుంది అని హైమ గొడవపడింది. ఆ గొడవ చాలాకాలం పడింది.

ఎస్తేరు రాణి తిరిగి రాలేదు. ఆమె వెళ్ళింది రెండువేల నలభై ఒకటి, జూలై పదహారు, మంగళవారం సాయంత్రం.